బావ తొక్కిన నిప్పులు

మదరాసు,
12-9-1958

మా శేషక్కను ఇన్నేళ్ళుగా భరిస్తున్న మస్తానయ్య బావకు పద్మనాభయ్య నమస్కారాలు.

ఇక్కడ పెంచలమ్మా పిల్లలూ బాగున్నారు. నేనూ బాగున్నానని రాద్దామంటే కలం ముందుకు సాగడం లేదు. కంగారు పడకు. అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించే ముందు మాత్రం ఆమె చేతిలో చేట, రోకలి లాంటివి లేకుండా చూసుకో.

కొన్ని నెలలుగా నాకు ఒకటే దాహం. మండీలో నీళ్ళకుండను నా పక్కకే జరుపుకున్నాను, అయినా చాలలేదు. తాగింది తాగినట్టే బయటికి పోతుంది. బియ్యం బేరం మధ్యలో మాటిమాటికీ లేచి పోతుంటే మా యజమాని ఒకరోజు, "ఏమయ్యా, ధర నచ్చకపోతే నోటితో చెప్పు. నువ్వు లేచినప్పుడల్లా బేరగాళ్ళు బెదిరిపోతున్నారు" అన్నాడు. తినేది ఇద్దరి కూడు, ఒళ్ళు చూస్తే సగం మనిషిది. పెంచలమ్మ ఎవరి దిష్టో తగిలిందని మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గాము గాని దాహం తగ్గలేదు.

చివరికి మా వీధి డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నన్ను గోడవతలికి పంపించి, నేను తెచ్చిచ్చిన దానిలోంచి కొన్ని చుక్కలు నీలంమందు ఉన్న గాజుగొట్టంలో వేసి దీపం మీద కాచాడు. నీలం ఆకుపచ్చయింది, ఆకుపచ్చ పసుపయింది, చూస్తూ ఉండగానే ఇటుకరంగు తిరిగింది. నేను ఇదేదో బాగుందే అనుకుంటున్నాను. ఆయన మొహం చూస్తే బాగాలేదు. మన పెద్దవాళ్ళు అతిమూత్రం అనేవాళ్ళే, అదే ఇది. చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ అనే సూది వేసుకోవాలి. అన్నం పిడికెడు. మిగతాదంతా రాగిసంకటీ గోధుమరొట్టే, అవి కూడా కొలిచి.

బావా, నేను బియ్యం మండీ గుమాస్తాను. పొద్దుట్నించీ బియ్యంలో చెయ్యి పెట్టి బతుకుతూ ఇంటికొచ్చి సంకటి మింగుతున్నాను. నీ పొలంలో ఈసారి మొలగొలుకుల వడ్లు ఎలా పండాయో దయచేసి నాకు రాయవద్దు. ఏడుపొస్తుంది.

ఇట్లు,
అన్నం ఎడబాసిన నీ బావమరిది
పద్మనాభయ్య

*

కొత్తగుంట, చిట్టమూరు పోస్టు,
28-9-1958

చిరంజీవి పద్మనాభానికి బావ ఆశీర్వదించి ముందుగా రాసేదేమంటే, ఆ డాక్టరును నమ్మవద్దు.

నువ్వు చెప్పినట్టే మీ అక్క చేతిలో చేటా రోకలీ లేకుండా చూసి చదివాను. చెంబు ఉన్న సంగతి చూసుకోలేదు. నా మోకాలు ఇంకా నొప్పిగా ఉంది. "నా తమ్ముడు సంకటి తినే గతికి వచ్చినాడా" అని ఆమె పెట్టిన ఏడుపు పక్కింటి గురవమ్మకు వినిపించింది. గురవమ్మకు వినిపిస్తే ఊరంతా దండోరా వేయించినట్టే. సాయంత్రానికల్లా మదరాసులో నీ మండీ దివాలా తీసిందనీ, నువ్వు సంకటి తిని బతుకుతున్నావనీ అందరూ నన్ను ఓదార్చడానికి వచ్చారు. వచ్చినవాళ్ళకు మజ్జిగ పోసి పంపించాము.

ఇక జబ్బు సంగతి. ఒంట్లోంచి చక్కెర బయటికి పోతోందని డాక్టరే అన్నాడంటున్నావు. పోయేదాన్ని పూడ్చాలా వద్దా? గోతానికి చిల్లి పడితే వడ్లు తగ్గుతాయి. మళ్ళీ పొయ్యాలి గాని, ఉన్నవి కూడా పొయ్యవద్దనే వాడిని డాక్టరంటారా? అందుకే గూడూరులో రైలుకు ఒక బియ్యం బస్తా, ఒక గంప కొత్త బెల్లం వేయించాను. పొద్దున ఒక గడ్డ, సాయంత్రం ఒక గడ్డ తిను. పోయిన చక్కెర నెల తిరిగేలోగా తిరిగొస్తుంది.

నా సంగతి అడుగుతావేమో, గుండ్రాయిలాగా ఉన్నాను. పెరట్లో కొత్తగా తవ్వించిన బావిలో పడ్డ నీళ్ళు అమృతం. సముద్రానికి ఇంత దగ్గర్లో ఇలాంటి నీళ్ళు పడడం మా తాతల పుణ్యం. ఎంత తాగినా తనివి తీరడం లేదు. చెంబు మానేసి ముంత పెట్టాను, ముంత చాలక ఇప్పుడు బిందె పక్కన పెట్టుకుని పడుకుంటున్నాను.

ఆశీస్సులతో,
మస్తానయ్య

*

మదరాసు,
20-10-1958

బిందె పక్కన పడుకునే బావకు పద్మనాభయ్య దండాలు.

బస్తా, గంప చేరాయి. బియ్యం మా మండీవాళ్ళు గుప్పిట్లో పోసుకుని నెల్లూరు బియ్యమంటే ఇవీ అన్నారు. నేను దూరం నుంచి వాసన చూశాను. బెల్లం వీధిలో అందరికీ పంచిపెట్టింది పెంచలమ్మ. ఎవరికైనా కొడుకు పుట్టాడా అని అడిగారట.

బావా, గోతాం లెక్క కాదు ఇది. డాక్టరు చెప్పింది నీకు అర్థమయ్యేలా చెబుతాను. చెరువు నిండా నీళ్ళున్నాయి, తూము పూడిపోయింది. అప్పుడేమవుతుంది? పొలానికి చుక్క పారదు, పైరు ఎండుతుంది. చెరువేమో కట్ట మీదుగా పొర్లిపోతుంది. నా ఒంట్లో చక్కెర అంతే. నిండుగా ఉంది, అందాల్సినచోటికి అందడం లేదు. అందుకే ఎంత తిన్నా ఒళ్ళు ఎండుతోంది. సూదిమందు వేస్తే తూము కాస్త తెరుచుకుంటుంది. నువ్వేమో బెల్లం పంపించి చెరువుకు ఇంకా నీళ్ళు పెడుతున్నావు.

ఇది నయమయ్యేది కాదట. "దీన్ని గెలవలేవయ్యా, దీనితో కాపురం చెయ్యాలి" అన్నాడాయన. తిండీ సూదీ సరిగ్గా చూసుకుంటే అందరిలాగే బతకవచ్చట. చూసుకోకపోతే మెల్లగా కళ్ళూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి. కాళ్ళలో స్పర్శ పోతుంది, పుండు పడితే మానదు. అందుకని రోజూ పాదాలు చూసుకోమన్నాడు. పెంచలమ్మ అద్దం పట్టుకుంటే నేను అరికాళ్ళు చూసుకుంటాను. "పెళ్ళిపీటల మీద నా మొహం గూడా ఇంతసేపు చూళ్ళేదు నువ్వు" అని సణుగుతూ ఉంటుంది.

సూది నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. మొదటిరోజు పొడుచుకున్నది నేను, కళ్ళు తిరిగి పడింది పెంచలమ్మ.

అక్కకు నా మీద బెంగ వద్దని చెప్పు.

పద్మనాభయ్య

*

కొత్తగుంట,
2-2-1959

పద్మనాభానికి,

బెల్లం వీధిలో పంచావని చదివి మీ అక్క రెండుపూటలు నాతో మాట్లాడలేదు. పంచింది నువ్వు, మాటలు మానింది నాతో. సరే, కాపురమన్నాక ఇలాంటివి తప్పవు. నీకు చక్కెరతో ఎలాగో నాకు మీ అక్కతో అలాగ.

నయం కాదని డాక్టరు చెప్పాడని రాశావు చూడు, ఆ మాట నా మనసులో ముల్లులాగా ఉండిపోయింది. నువ్వు నాకు బావమరిదివే గాని, మీ నాన్న పోయిన తర్వాత నా చెయ్యి పట్టుకుని బడికి వచ్చినవాడివి. డాక్టరు నయం చెయ్యలేనిది అమ్మవారు చెయ్యలేదా? వచ్చే వేసవిలో ద్రౌపదమ్మ తిరునాళ్ళకు నీ పేరు మీద నిప్పులగుండం తొక్కుతానని మొక్కుకున్నాను. మీ అక్క పసుపుగుడ్డలో ముడుపు కట్టి దూలానికి వేలాడదీసింది. ఇక నిశ్చింతగా ఉండు.

మొక్కిన వేళావిశేషం ఏమిటోగాని నాకు అన్నీ కలిసొస్తున్నాయి. పొట్ట కరిగి పెళ్ళికొడుకులా తయారయ్యాను. రాత్రిళ్ళు ఊరికే మెలకువ వచ్చి లేస్తుండడం వల్ల దొడ్డివైపు పందులు రావడం మానేశాయి. గొడ్లపాక వెనక నేను కూచునే చోట చీమలు బారులు తీరుతున్నాయి. పూజారి గంగులయ్యకు చూపిస్తే, "చీమలకు గూడా తెలిసిపోయిందన్నా నీ మహత్యం" అన్నాడు.

ఇంకో వింత విను. పోయిన ఏడాదంతా అరికాళ్ళల్లో మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండేది. ఇప్పుడు అదంతా పోయింది. మొన్న తుమ్మముల్లు దిగితే దానితోనే పొలమంతా తిరిగి ఇంటికొచ్చాను. మీ అక్క చూసి పీకిందాకా నాకు తెలియనే లేదు. గుండం తొక్కేవాడికి అమ్మ ముందుగానే కాళ్ళు సిద్ధం చేస్తుందని గంగులయ్య చెప్పాడు. ఆయన ఏటా అందరికన్నా ముందు తొక్కేవాడు, ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

మస్తానయ్య

*

మదరాసు,
15-2-1959

బావా,

నీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న సంకటిముద్ద కింద పెట్టేశాను. ఇందులో ఎగతాళి ఏమీ లేదు, నెమ్మదిగా చదువు.

బిందెడు నీళ్ళు తాగుతున్నది బావి గొప్పతనం వల్ల కాదు. పొట్ట కరిగింది వయసు తగ్గి కాదు. నువ్వు రాత్రి లేచేది పందుల కోసం కాదు. చీమలు బారులు తీరింది నీ మహత్యానికి అసలే కాదు, అక్కడ వాటికి చక్కెర దొరుకుతోంది. నా జబ్బే నీకూ ఉంది బావా. నాకన్నా ముందే వచ్చినట్టుంది కూడా. ముల్లు దిగినా తెలియలేదంటే నీ కాళ్ళకు స్పర్శ పోయింది. మంటలు తగ్గడం మంచికి కాదట, నేను డాక్టరును ప్రత్యేకంగా పోయి అడిగి వచ్చాను.

గూడూరు పోయి పరీక్ష చేయించుకో. నీళ్ళు తీసుకెళ్ళడం సిగ్గుగా ఉంటే సారాసీసాలో పోసుకుపో, ఎవరూ అనుమానపడరు. ఒకవేళ నాది పొరపాటైతే ఊరందరి ముందూ నన్ను వెధవా అని పిలువు, పలుకుతాను. పరీక్ష చేయించుకోకుండా మాత్రం గుండం తొక్కవద్దు. నా జబ్బు నాతోనే ఉండనీ. నీ కాళ్ళు పోగొట్టుకుని నన్ను బతికించవద్దు.

అక్కకు ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు. మధ్యలో ఏదీ దాటెయ్యకు.

పద్మనాభం

*

కొత్తగుంట,
8-3-1959

శ్రీ పద్మనాభయ్య గారికి,

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. చక్కెరవాడికి అందరూ తియ్యగా కనిపిస్తారు కాబోలు. నీకు జబ్బులో తోడు కావలసివస్తే మదరాసులో అన్ని లక్షల మందిని వదిలి నేనే దొరికానా?

నీ కోసం పసుపుగుడ్డ కడుతుంటే నన్ను పట్టుకుని రోగివంటావా. మా వంశంలో మంచం పట్టినవాడు లేడు. మా నాన్న ఒకరోజు పొలం నుంచి వచ్చి, పళ్ళెం ముందు కూచుని, అన్నం తింటూనే పోయాడు. ఆరోగ్యంగా పోయాడు. సారాసీసా పట్టుకుని గూడూరు వీధుల్లో తిరగమని సలహా ఇచ్చినవాడివి నువ్వొక్కడివే. తిరునాళ్ళ దీక్ష పట్టబోయేవాణ్ణి సారాసీసాతో ఎవరైనా చూస్తే ఊళ్ళో తల ఎత్తుకోగలనా?

మీ అక్కకు ఉత్తరం మొత్తం చదివాను. కొంచెం దాటేశాను.

ఇకమీదట నాకు ఉత్తరాలు రాయవద్దు. రాసేది ఉంటే మీ అక్కకు రాయి. ఆమెకు చదువు రాదు గనక మళ్ళీ నేనే చదవాలి, అది వేరే సంగతి.

మస్తానయ్య

*

కొత్తగుంట,
20-5-1959

ఒరే పద్మనాభా,

కోపమంతా పోయింది, సంతోషం పట్టలేక రాస్తున్నాను. గుండం తొక్కాను! నీ జబ్బు పోయినట్టే. సూదులు తీసి చెత్తకుప్పలో పారెయ్యి.

ఎలా జరిగిందో చెబుతాను, చెల్లెలు పెంచలమ్మకు కూడా చదివి వినిపించు. చింతమొద్దులు కాల్చి గుండం నిండా నిప్పులు పరిచారు. దగ్గరికి పోతే మొహం కమిలిపోతోంది. గోవిందా గోవిందా అని జనం కేకలు. ముందు గంగులయ్య దిగాడు, ఎప్పటిలాగే నిమ్మళంగా నడిచిపోయాడు. తర్వాత మన వీధి కుర్రాడు ఓబులేసు పరుగున గెంతుతూ దాటి, అవతల కాళ్ళు చల్లార్చుకునే పాలగుంటలో పడ్డట్టు దూకాడు. తర్వాత నేను. పద్మనాభా, నాకేమీ తెలియలేదు! పచ్చికలో నడిచినట్టుంది. జనం చూస్తున్నారు కదా అని నడుమ ఆగి, అమ్మవారి వైపు తిరిగి దండం కూడా పెట్టుకున్నాను. గంగులయ్య కూడా ఎప్పుడూ నడుమ ఆగలేదు. ఆ రోజు నుంచి ఊళ్ళో నా ఎదురుగా ఎవరూ చుట్ట తాగడం లేదు. గురవమ్మ నేను నడిచినచోట మట్టి తీసి కళ్ళకద్దుకుంటోంది.

మీ అక్క పక్కనే కూచుని తన మాటలు కూడా రాయమంటోంది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను, తర్వాత నన్ను అనవద్దు:

"ఒరే తమ్ముడూ, మీ బావకు మహత్యం వచ్చినప్పట్నించీ నా పని రెట్టింపయింది. యాడ కుంకుమనీళ్ళు తొక్కి వస్తాండాడో ఏమో, అలికిన నేలంతా ఎర్రమచ్చలు. తుడిస్తే మళ్ళా మచ్చలు. తుడుద్దామంటే ఈ గురవమ్మ అడ్డం పడి వాటికి దండాలు పెడతాండాది. రెండ్రోజుల్నించీ ఇంట్లో ఏందో వాసన. ఎలక చచ్చిందేమోనని దూలాలు గూడా వెతికితిని. నువ్వు బాగుండావా?"

అమ్మ దయతో,
మస్తానయ్య

*

మదరాసు,
24-5-1959

అక్కా,

ఎలుక కాదు. బావ కాళ్ళు పీట మీద పెట్టించి, దీపం పట్టి అరికాళ్ళు చూడు. కుంకుమ కాదది, నెత్తురు. నడవనియ్యవద్దు, మంచం దిగనియ్యవద్దు. పసరు పుయ్యవద్దు, పేడ పెట్టవద్దు. ఉడుకునీళ్ళు చల్లార్చి కడిగి, ఉతికిన గుడ్డ కట్టు.

ఈ ఉత్తరం బావ చదివితే సగం దాటేస్తాడు. అందుకే కవరు మీద నీ పేరూ, కింద ఓబులేసు పేరూ రాశాను. ఓబులేసు చేతనే చదివించుకో. బావను ఎడ్లబండిలో అయినా సరే బయలుదేరదీసి ఉంచండి. నేను ఈ రాత్రి రైలెక్కుతున్నాను. ఈ ఉత్తరం ముందు వస్తుందో నేను ముందు వస్తానో తెలియదు.

బావా, నువ్వు వింటూ ఉంటే ఒక్కమాట. నువ్వు గొప్పవాడివే. మంచం దిగవద్దు.

పద్మనాభం

*

కొత్తగుంట,
30-8-1959

నా పద్మనాభానికి,

నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాను. కాలి చిటికెనవేలిని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాను. మిగతా తొమ్మిదీ క్షేమం.

నువ్వు వచ్చి, ఊరంతా చూస్తుండగా నన్ను వడ్లబస్తాలాగా భుజాన వేసుకుని బండెక్కించిన రోజు నిన్ను ఎన్ని తిట్టానో నీకు తెలుసు. నువ్వు వినాలని గట్టిగానే తిట్టాను. ఆసుపత్రిలో నా నీళ్ళు కాచినప్పుడు గాజుగొట్టం మన ఇంటి పెంకులకన్నా ఎర్రగా తిరిగింది. "ఇంత ఎరుపు ఈ నెలలో చూడలేదు" అన్నాడు డాక్టరు. జబ్బులో కూడా నీకు పెద్దవాణ్ణే. ఇంకో వారం ఆలస్యమైతే మోకాలిదాకా తీసేవాళ్ళమన్నారు. పద్మనాభా, నేను భయపడ్డాను. పక్కమంచం అతనికి కాలు లేదు. గట్టు మీద నడవలేని రైతు ఏం చేస్తాడు? రాత్రంతా అదే ఆలోచించి, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నీకు రాయడానికి సిగ్గు లేదు.

ఇప్పుడు నాకూ సూదీ, నాకూ సంకటీ. మొలగొలుకులు పండించేవాడు సంకటి తింటున్నాడంటే ఈసారి నా దివాలా పుకారు లేచింది. పొలంలోకీ ఇంట్లోకీ చెప్పులు లేకుండా అడుగు పెట్టవద్దన్నారు. చెప్పులతో ఇంట్లోకి అంటే మీ అక్క మొదట ఒప్పుకోలేదు. మూడురోజులు ఆలోచించి కొత్త జత కుట్టించి, పసుపు రాసి బొట్లు పెట్టి, హారతిచ్చి లోపలికి పిలిచింది. నేను మాత్రం వాటి వెనకాలే వచ్చాను.

ఒక్క చిక్కొచ్చిపడింది. నీ జబ్బు కోసం నేను తొక్కాను గనక నీ చక్కెర నాలోకి దిగిందని గంగులయ్య ఊళ్ళో చెబుతున్నాడు. బావమరిది రోగం నెత్తికెత్తుకున్న మహానుభావుణ్ణట నేను. మొక్కులు తీర్చమని మూడూళ్ళ వాళ్ళు వస్తున్నారు. మీ అక్క కూడా అదే నమ్మి నీ మీద అలిగి ఉంది. నిజం చెబుదామంటే, ఇంత గౌరవం ఇదివరకెన్నడూ ఎరగను, నోరు పెగలడం లేదు.

మస్తానయ్య

*

మదరాసు,
12-9-1959

చెప్పుల వెనక నడిచే బావకు,

నా చక్కెర నీలోకి దిగితే నా గొట్టం నీలంగానే ఉండాలి కదా? నువ్వు గుండం తొక్కిన తర్వాత కాచినా పసుపు తిరిగింది. తప్పు నాది కాదు, నువ్వు మేలో రాసిన ఉత్తరం నమ్మి పెంచలమ్మ అమ్మ పేరు చెప్పి పాయసం పెట్టింది. ఇన్నాళ్ళ తర్వాత పాయసం, ఎలా వదలను? నువ్వు మంచాన ఉంటే నీకు చెప్పలేదు గాని, నెల్లూరు నుంచి తిరిగొచ్చి ఆ పాయసం తిన్న పాపానికి నాలుగు రోజులు నేనూ మంచం పట్టాను.

బావా, అక్క అలక నేను తీర్చుకుంటాను. నీ గౌరవానికి మాత్రం నేను అడ్డం పడతాను. వచ్చే ఏడు ఇంకెవడో నిన్ను చూసి కాళ్ళు తెలియకపోవడం అమ్మ కటాక్షమనుకుని నిప్పుల్లో ఆగి దండం పెట్టుకుంటాడు. వాణ్ణి బండెక్కించే బావమరిది ఉంటాడో లేడో. నువ్వు చెప్పాలి. నేను చెబితే పట్నంవాడి కూతలంటారు.

పద్మనాభం

*

కొత్తగుంట,
5-6-1960

పద్మనాభానికి బావ రాసేది,

నువ్వు గెలిచావు. తిరునాళ్ళు అయ్యాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ ఏడు నన్ను గంగులయ్యకన్నా ముందు దింపాలని పెద్దలు తీర్మానించారు. గుండం దగ్గరికి చెప్పులతో వెళ్ళాను. జనం అబ్బో అన్నారు, ఇదేదో కొత్త మహత్యమనుకున్నారు. గట్టు మీద నిలబడి చెప్పేశాను. నాకు మాటలు సరిగా రాలేదు. "పోయినేడు నేను కాలలేదనుకొంటిరి మీరు. నాకూ కాలింది. కాలినట్టు తెలీలేదు, అంతే. అది అమ్మ మహత్యం గాదు, చక్కెర జబ్బు. నాకు ముందునించీ ఉండాది, మా బావమరిది చెప్పినా నేను వినలేదు. ఇదిగో నా ఏలు, యాడుంది చూడండి" అని చెప్పు విప్పి చూపించాను. వెనక ఎవడో చుట్ట ముట్టించుకున్నాడు. నా మహత్యం అక్కడితో సరి.

నేను దిగలేదు, నా బదులు ముందు దిగింది ఓబులేసు. దిగడం దిగడమే "అమ్మో కాలె, కాలె" అని అరుస్తూ అవతల పడ్డాడు. భక్తి చాలలేదని అందరూ నవ్వారు. నేను పోయి వాడి పాదాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎర్రగా కమిలాయి, అంతే. "సిగ్గేందిరా, నీ కాళ్ళు బతికుండాయి" అన్నాను. వాడేమో ఊదుకుంటూ ఏడుస్తున్నాడు, నాకు వాణ్ణి చూస్తే కుళ్ళు పుట్టింది పద్మనాభా. ఆ మంట ఒక్కసారి నాకు తగిలితే బాగుండునని అనిపించింది. డాక్టరును అడిగాను, ఇక రాదన్నాడు.

గంగులయ్య మాత్రం మండిపడ్డాడు. అమ్మను అవమానించానన్నాడు, నేను చేసింది పాపమన్నాడు. అన్నీ అని, పంతానికి ముందుకన్నా నిదానంగా గుండం దాటి చూపించాడు. మూడు రోజులు నా ఇంటి ముందు నుంచి పోవడం కూడా మానేశాడు.

ఈ పొద్దున వచ్చాడు. ఎప్పుడూ వచ్చే వీధివైపు నుంచి కాదు, దొడ్డివైపు నుంచి. మీ అక్క మజ్జిగ ఇస్తే తీసుకోలేదు, మంచినీళ్ళు అడిగాడు. చెంబుడు తాగి ఇంకో చెంబు అడిగాడు. తర్వాత మంచం మీద కూచుని రెండు కాళ్ళూ పైకి పెట్టుకుని, "నాకు ఇరవై ఏళ్ళుగా అమ్మే తోడు. అయినా మస్తానన్నా, నీ మాట తప్పని తేల్చాలని వచ్చినా. పిన్నీసుతో గుచ్చు. నేను కళ్ళు మూసుకుంటా" అన్నాడు. మీ అక్క జాకెట్టు నుంచి పిన్నీసు తీసి ఇచ్చింది.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, నొప్పికి సిద్ధంగా పళ్ళు బిగించుకుని కూచున్నాడు. కాసేపటికి, "ఎందుకన్నా ఆలోచిస్తావు, భయపడబాక, గుచ్చు" అన్నాడు.

నేను అప్పటికే రెండు పాదాలూ గుచ్చి, పిన్నీసు తిరిగి మీ అక్క చేతికి ఇచ్చేశాను.

రేపు మొదటి బస్సుకు ఇద్దరం గూడూరు పోతున్నాం.

మస్తానయ్య